నా ఫ్రెంచ్‌కి పోస్ట్ ప్రొడక్షన్

బాగా మాట్లాడినందుకు ఫెయిల్ చేసే కాలేజీ ఎక్కడైనా చూశారా మీరు? నేను చూశాను. ఫీజు కట్టి మరీ అందులో చదువుతున్నాను. మొన్న గురువారం నాకు జరిగింది వినండి, విన్నాక న్యాయం ఎవరి వైపు ఉందో మీరే చెప్పండి. మా అమ్మని మాత్రం అడక్కండి. ఆవిడ అప్పుడే మా ఫ్రెంచ్ మేడమ్ పార్టీలో చేరిపోయింది.

మాది ఫిల్మ్ నగర్. పెద్ద పెద్ద గేట్లుండే వైపు కాదు, షేక్‌పేటకి దిగే వాలులో, స్టూడియో వ్యాన్లు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆపుకునే వైపు. మా వీధి చివర డబ్బింగ్ థియేటర్లో మా బాబాయ్ సౌండ్ ఇంజనీర్. నేను ఇంటర్ రెండోసారికి గట్టెక్కి జూబ్లీహిల్స్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చేరాను. సెకండ్ లాంగ్వేజ్ ఏం కావాలని అడిగితే అందరూ మార్కులొస్తాయని సంస్కృతం అన్నారు. నేను ఫ్రెంచ్ అన్నాను. ఎందుకంటే చిన్నప్పట్నుంచీ నా కలలో ఒక పాట నడుస్తూ ఉంటుంది. మంచు పడుతుంటుంది. నేను పొడుగు కోటు వేసుకుని రాళ్ళ వంతెన మీద నిలబడి ఉంటాను. ఒకతను వచ్చి ఫ్రెంచ్‌లో ఏదో అంటాడు. ఏమన్నాడో అర్థం కావాలి కదా, అందుకని.

మా ఫ్రెంచ్ మేడమ్ పేరు ప్రియంవద. శ్రీనగర్ కాలనీ నుంచి స్కూటీ మీద వస్తారు, హెల్మెట్ తీయకముందే అటెండెన్స్ మొదలుపెడతారు. మొదటి క్లాసులోనే చెప్పేశారు.

"ఈ సబ్జెక్టుకి ఇంటర్నల్ పరీక్షలు లేవు. దాని బదులు డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఉంటుంది. రెండు వారాలకోసారి మీరు ఫ్రెంచ్‌లో మాట్లాడుతూ వీడియో తీసుకుని, కాలేజీ యాప్‌లో మీ పేజీలో పెట్టాలి. మీ పార్ట్‌నర్ అది విని, దాని కింద ఫ్రెంచ్‌లోనే వాయిస్ కామెంట్ పెట్టాలి. సెమిస్టర్ చివర అన్నీ వరసగా చూసి మార్కులు వేస్తాను. వీడియోలకీ మార్కులుంటాయి, మీరు పెట్టిన కామెంట్లకీ ఉంటాయి."

ఆ తర్వాత ఇంకేదో కూడా చెప్పారట. ఆ ముక్క చెప్పేటప్పుడు నా పార్ట్‌నర్ ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను.

నా పార్ట్‌నర్ అఖిల్. షేక్‌పేట అబ్బాయి. చదువు ఒకటే ధ్యాస. ఏదో స్టార్ హోటల్లో ఫ్రంట్ ఆఫీస్ ట్రైనింగ్‌కి సెలెక్టయ్యాడు. ఒక్క సబ్జెక్టు తప్పినా చేర్చుకోం అన్నారట, అందుకని ఫ్రెంచ్‌ని దేవుడి ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని చదివేవాడు. ఇంక ఆ గొంతు. అది నేను చెప్తే మీరు నవ్వుతారు. మామూలుగా మాట్లాడితే "ఏంది, నోట్స్ తెచ్చినవా?" అని పక్కా లోకల్. అదే ఫ్రెంచ్‌లోకి దిగాడంటే చాలు, నా కలలోని వంతెన మీద మంచు మొదలయ్యేది.

నేను వీడియో పెట్టడం, అతను దాని కింద కామెంట్ పెట్టడం. ఒక్కో కామెంటూ ఎంత పొడుగో. అందులో నా పేరూ, "త్రే బియన్" అన్నదీ స్పష్టంగా అర్థమయ్యేవి. అంటే చాలా బాగుంది అని. మిగతాది అంతగా అర్థమయ్యేది కాదు. అర్థమవ్వాల్సిన అవసరం కూడా నాకు కనపడలేదు. ఒక అబ్బాయి ఒక అమ్మాయితో అంత మెల్లగా, అంత సేపు ఇంకేం మాట్లాడతాడండీ? బస్టాపు దాకా ఆ వాలు ఎక్కుతూ ఇయర్‌ఫోన్స్‌లో అవే వినేదాన్ని. ఎక్కడం తెలిసేది కాదు.

సెమిస్టర్ చివరికొచ్చింది. గురువారం లాంగ్వేజ్ ల్యాబ్‌లో పెద్ద స్క్రీన్ మీద అందరి పోర్ట్‌ఫోలియోలూ వేస్తామని మేడమ్ చెప్పారు. అందరి ముందూ. అఖిల్ ముందు కూడా. ఒకసారి చూసుకుందామని నా మొదటి వీడియో తెరిచాను.

అందులో మా వంటింటి గోడా, మా చీటీల కంపెనీ క్యాలెండరూ, వాటి ముందు నేను. నోరు తెరిచి "నా పేరు లాస్య, నేను హైదరాబాద్‌లో ఉంటాను" అని ఫ్రెంచ్‌లో చెప్తున్నాను. అది ఫ్రెంచ్ అని మీకు ముందే చెప్పాను కాబట్టి సరిపోయింది. చెప్పకపోతే ఎవరికో గొంతులో చేపముల్లు గుచ్చుకుంది అనుకుంటారు. మధ్యలో మా అమ్మ కుక్కర్ విజిల్. రెండో వీడియో కొంచెం నయం, మూడోది ఇంకొంచెం నయం. అయినా కానీ ఇవా అఖిల్ పక్కన కూర్చుని స్క్రీన్ మీద చూసుకోవాల్సినవి?

ఇక్కడే మీరు నా వైపు నుంచి ఆలోచించాలి. నేను పుట్టి పెరిగిన చోట ఒక పద్ధతుంది. డైలాగ్ సరిగ్గా రాలేదా, అది ఎన్‌జీ టేక్. ఇంకోటి తీస్తారు. ఓకే అయింది ఉంచుతారు, ఎన్‌జీ పారేస్తారు. మా వీధిలో పోర్ట్‌ఫోలియో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే అమ్మాయిలు బోలెడుమంది. వాళ్ళెవరైనా కళ్ళు మూసుకుపోయిన ఫొటో పెట్టుకుని తిరుగుతారా? హీరో షూటింగ్‌లో ఎలా మాట్లాడితే అలా సినిమా వదులుతారా? మొహం షూటింగ్‌లోది, గొంతు థియేటర్లోది. దీన్ని ఇక్కడెవరూ తప్పు అనరు. పనిమంతుల పని అంటారు.

ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ థియేటర్ ఖాళీ. డబ్బింగ్ చెప్పాల్సిన హీరోగారికి జలుబట. నేను ఫోన్ పట్టుకుని వెళ్ళాను.

"బాబాయ్, నా వీడియోలకి డబ్బింగ్ చెప్పుకోవాలి."

బాబాయ్ పకోడీ పొట్లం పక్కన పెట్టి మొదటిది విన్నాడు. మొహం తుడుచుకున్నాడు. "ఇదా. ఇది నాకు తెలుసు కదమ్మా. చేద్దాం, బూత్‌లోకి వెళ్ళు."

తెలుసంటే, నేను తీసిన ప్రతి వీడియో ముందు బాబాయ్‌కే పంపేదాన్ని, ఎలా ఉందో చెప్పమని. ప్రతిసారీ "సూపర్ తల్లీ, ఇంకోటి పంపు" అనేవాడు. మా ఇంట్లో నన్ను ప్రోత్సహించిన ఏకైక మనిషి అనుకునేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బూత్‌లో నిలబడి, స్క్రీన్ మీద నా పెదాలు చూసుకుంటూ నాకు నేనే డబ్బింగ్ చెప్పుకున్నాను. గొంతు నాదే, అది గమనించండి, ఎవర్నీ అద్దెకి తెచ్చుకోలేదు. ఇన్ని నెలలు నేర్చుకున్నాను కదా, ఇప్పుడు పలకడం వచ్చు. వాక్యం రాకపోతే ముక్క, ముక్క రాకపోతే మాట. బాబాయ్ అద్దం వెనక నుంచి "పెదవి ముందే కదిలిపోయింది, మళ్ళీ" అనేవాడు. మళ్ళీ చెప్పేదాన్ని. మొదటి వీడియో నుంచి చివరిదాకా అన్నీ అయ్యేసరికి నా గొంతు విని నాకే కళ్ళు చెమర్చాయి.

"అంతా పొడిపొడిగా ఉంది, కొంచెం యాంబియెన్స్ వేస్తాను," అన్నాడు బాబాయ్. కుక్కర్ విజిల్ ఎటూ పోయింది. దాని జాగాలో దూరంగా చర్చి గంట, పావురాలు, ఎవరో అకార్డియన్ వాయిస్తున్నట్టు సన్నగా సంగీతం. కళ్ళు మూసుకుంటే పారిస్. కళ్ళు తెరిస్తే మా వంటిల్లు.

ఇంటికొచ్చి యాప్‌లో పెడదామంటే జాగా చాలదంది. థియేటర్ ఫైళ్ళు కదా, ఒక్కోటీ ఏనుగంత. ఎలాగూ ఎన్‌జీ టేకులే కదా అని పాతవన్నీ తీసేశాను. తీసేసేటప్పుడు ఇంగ్లీషులో పెద్ద పేరా ఒకటి వచ్చింది, నిజంగా తీసేయాలా, దీనితో పాటు ఫలానావి కూడా పోతాయి అని ఏదో. అవన్నీ చదివేవాళ్ళు ఎవరండీ. అవునని నొక్కాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఫోన్లో ఉన్నవీ తుడిచేశాను. ఎన్‌జీ టేక్ మీద నాకెప్పుడూ జాలి లేదు.

గురువారం వచ్చింది. నీలం చుడీదార్ వేసుకుని వెళ్ళాను. ల్యాబ్‌లో లైట్లు తీశారు. అఖిల్ నా పక్కనే కూర్చున్నాడు. మేడమ్ నా పేజీ తెరిచి మొదటి వీడియో నొక్కారు.

చర్చి గంట మోగింది. పావురాలు ఎగిరాయి. మా చీటీల కంపెనీ క్యాలెండర్ ముందు నిలబడి నేను ఫ్రెంచ్ రాణిలా పలికాను. నేను అఖిల్ వైపు ఓరగా చూశాను. అతను స్క్రీన్‌నే చూస్తున్నాడు, కానీ నేననుకున్నట్టు కాదు, బస్సు మిస్సయినవాడిలా చూస్తున్నాడు.

మేడమ్ రెండోది వేశారు. తర్వాత చివరిది. లైటు వేశారు.

"లాస్యా, మీ ఇంటి పక్కన చర్చి ఉందా?"

"లేదు మేడమ్. పిండి మర ఉంది."

"మొదటి వారంలోనే ఇంత బాగా మాట్లాడావా?"

"ఇప్పుడు మాట్లాడాను మేడమ్. మొదటి వారానికి పెట్టాను."

"అప్పటివి ఏమయ్యాయి?"

"తీసేశాను మేడమ్. అవి ఎన్‌జీ."

మేడమ్ కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "అమ్మా, మొదటి రోజే చెప్పాను. ఈ పోర్ట్‌ఫోలియోలో సగం మార్కులు నువ్వెంత బాగా మాట్లాడావన్నదానికి కాదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా వచ్చావన్నదానికి. నీది మొదటిదీ చివరిదీ ఒకేలా ఉన్నాయి. అంటే నువ్వు ఏమీ నేర్చుకోనట్టు. నేనేం చూసి మార్కులు వేయాలి?"

చూడండి. నేను ఏమీ నేర్చుకోలేదట. ఏమీ నేర్చుకోకపోతే అలా ఎలా పలుకుతానండీ? అదే అడిగాను.

"నేర్చుకున్నావేమో. కానీ సాక్ష్యం చెరిపేశావు. ఇది ఒకరకం మోసం కాదా?"

"మోసం కాదు మేడమ్, పోస్ట్ ప్రొడక్షన్," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను జోకు వేయలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మేడమ్ అఖిల్ పేజీ తెరిచారు. వీడియోలన్నీ ఉన్నాయి. కామెంట్ల దగ్గర మాత్రం వరసగా ఖాళీ గళ్ళు. నా వీడియోల కింద పెట్టిన కామెంట్లు కదా, వీడియోలతో పాటు అవీ పోయాయి. ఆ ఇంగ్లీషు పేరాలో ఉన్నది ఇదేనట.

"సోమవారం దాకా టైమిస్తున్నాను," అన్నారు మేడమ్. "పాత రికార్డింగులు తెస్తే సరి. లేకపోతే నీకు ఫెయిల్, కామెంట్లు లేవు కాబట్టి అఖిల్‌కీ ఫెయిల్. నాకూ బాధగానే ఉంటుంది, కానీ నేను విననిదానికి మార్కులు వేయలేను."

బయట వరండాలో అఖిల్ నా వైపు చూడలేదు. మెట్ల రెయిలింగ్‌తో మాట్లాడాడు.

"నువ్ ఫెయిలైతే నీ ఇష్టం లాస్యా. నన్నెందుకు ముంచినవ్? ఆ ట్రైనింగ్ కోసం మా నాయిన ఎంతమందిని అడిగిండో తెల్సా? ఒక్కొక్క కామెంట్ కోసం డిక్షనరీ పెట్టుకొని కూసున్న."

"నీ ముందు బాగుండాలనే చేశాను," అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావాల్సొచ్చింది.

"నేనెప్పుడన్న బాగలేదన్ననా?" అని దిగి వెళ్ళిపోయాడు.

ఆ మాటని పట్టుకుని ఇంటిదాకా నడిచాను. ఎప్పుడూ బాగాలేదనలేదు. ఎంత మంచివాడో చూడండి. అతని కామెంట్లన్నీ పోయాయని అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. మార్కుల కోసం కాదు. నా జీవితంలో నాకొచ్చిన ప్రేమలేఖలు అవి, వాటిని నా చేత్తో నేనే చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా కడిగేశాను.

అమ్మకి చెప్తే ఒకటే మాట అంది. "ఉన్నదున్నట్టు పెట్టుకోవడానికి నీకేం రోగం?" చెప్పాగా, మేడమ్ పార్టీ.

బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. నేను పంపినవి ఆయన ఫోన్లో ఏమైనా మిగిలాయేమోనని ఆశ. విషయమంతా విని బాబాయ్ హాయిగా నవ్వాడు.

"దీనికి ఏడుపెందుకు తల్లీ. నీవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

"అన్నీనా? ఎన్‌జీ టేకులు దాచవు కదా బాబాయ్?"

"డైలాగులైతే దాచను. సౌండ్ ఎఫెక్టులు దాస్తాను."

ఇదేం మాటో నాకు అర్థమయ్యేలోపే కంప్యూటర్లో ఫోల్డర్ తెరిచాడు. పైన పేరు చదివాను. భయానక శబ్దాలు. లోపల వరసగా తలుపు కిర్రు, నక్క అరుపు, లాస్య ఫ్రెంచ్ ఒకటి, లాస్య ఫ్రెంచ్ రెండు, అలా చివరిదాకా నేనే, నా తర్వాత శ్మశానంలో గాలి.

నా పేరు మీద వేలు పెట్టి బాబాయ్ వైపు చూశాను.

"మొన్న ఒక హారర్ కామెడీకి పని చేశాం," బాబాయ్ ఎంతో సంతోషంగా చెప్తున్నాడు. "పాడుబడ్డ బంగళాలో తెల్లదొరసాని దయ్యం. ఏ ఆర్టిస్టుని పిలిచినా డైరెక్టర్‌గారికి నచ్చలేదు. సరేనని నీ మొదటిది కొంచెం స్పీడు తగ్గించి వినిపించా. ఆయన కుర్చీలోంచి లేచాడమ్మా. ఎవరండీ ఈ ఆర్టిస్టు, ఏం బాధ పలికించింది అన్నారు. ఆ కుక్కర్ విజిల్ ఉంది చూశావూ, దయ్యం వచ్చే ముందు అదే వేశాం. అది వినపడగానే జనం సీట్లు పట్టుకుంటారు."

మీరే చెప్పండి. చిన్నప్పట్నుంచీ నా గొంతు ఒక హీరోయిన్‌కి పెడతారని, థియేటర్లో చీకట్లో కూర్చుని వింటానని కలలు కన్నాను. "సూపర్ తల్లీ, ఇంకోటి పంపు" అంటే నా ఫ్రెంచ్‌ని మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఈయన నన్ను నక్కకీ శ్మశానానికీ మధ్య పెట్టుకున్నాడు. "నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా బాబాయ్?" అని అరిచాను. "అడిగితే నువ్వు బాగా పలికేదానివి కదమ్మా," అన్నాడు.

తిట్టుకుంటూనే ఫైళ్ళన్నీ తెచ్చుకున్నాను. అవి లేకపోతే అఖిల్ హోటల్ మెట్లెక్కలేడు.

సోమవారం మళ్ళీ లైట్లు తీశారు. మేడమ్ మొదటిది వేశారు. "ఇది నీ ఒరిజినలేనా?" అని అడిగారు. ఒరిజినలే మేడమ్, సెన్సార్‌కి కూడా వెళ్ళింది అందామనుకుని ఊరుకున్నాను. ముందు వరసలో ఒకమ్మాయి పక్కదాని చెయ్యి పట్టుకుంది. తర్వాత రెండోది, మూడోది. చివరికి నేను నా మామూలు గొంతుతో, గంటలూ పావురాలూ ఏమీ లేకుండా, వాళ్ళ ముందే నిలబడి మాట్లాడాను. మేడమ్ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను.

"ఇప్పుడు కనపడుతోందమ్మా ఎంత దూరం వచ్చావో. క్లాసులో ఇంత దూరం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు." అంటే అంత కింద నుంచి మొదలుపెట్టిన వాళ్ళు ఇంకెవరూ లేరని కూడా. అది ఆవిడ పైకి అనలేదు, నేను అర్థం చేసుకున్నాను.

ఇక అఖిల్ వంతు. పోయిన కామెంట్ల బదులు, అప్పుడేమన్నాడో ఇప్పుడు అందరి ముందూ ఫ్రెంచ్‌లో చెప్పమన్నారు మేడమ్. లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. మొదలుపెట్టాడు. నా పేరు వచ్చింది. త్రే బియన్ వచ్చింది. తర్వాత అదే మెల్లటి మాట, అదే ప్రవాహం. కిటికీ బయట ఎండ దంచుతోంది కానీ నాకు మాత్రం వంతెన మీద మంచు పడింది. మేడమ్ మధ్య మధ్యలో తలూపుతున్నారు. ఈసారి దీన్ని పోనివ్వకూడదని ఫోన్లో రికార్డ్ చేసుకున్నాను. ఇద్దరం పాసయ్యాం.

ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఫోన్లో అనువాదం చేసే యాప్ తెరిచి, దానికి అఖిల్ గొంతు వినిపించాను. తెలుగులో వచ్చింది.

"లాస్యా, చాలా బాగుంది. కానీ నీ వెనకాల కుక్కర్ శబ్దం వస్తోంది. దయచేసి వంట అయ్యాక రికార్డ్ చేయి. లేదా వేరే గదికి వెళ్ళు. రెండో వీడియోలో కూడా కుక్కర్ శబ్దం వచ్చింది. మూడో వీడియోలో మీ అమ్మగారు ఉప్పు గురించి అడిగారు. దయచేసి ఫోన్ దగ్గరగా పెట్టుకో."

ఇవీ నా ప్రేమలేఖలు. ఇవి వింటూ నేను ఫిల్మ్ నగర్ వాలంతా ఎక్కాను. ఇవి పోయాయని నేను ఏడ్చాను.

మర్నాడు అఖిల్‌కి నా ఫ్రెంచూ అమ్మ కుక్కరూ దయ్యం సినిమాకెక్కిన సంగతి చెప్పి, నిలదీశాను. "సెమిస్టరంతా కుక్కర్ గురించేనా?"

"మరి నువ్ ఒక్కసారన్న బంద్ చేసినవా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ దయ్యం సిన్మా ఎప్పుడొస్తదో చెప్పు. పోదాం," అన్నాడు.

నాకు మళ్ళీ మంచు మొదలవ్వబోయింది.

"మీ అమ్మను గూడ తీస్కరా," అన్నాడు. "కుక్కర్ ఆమెదే గద."

పోర్ట్‌ఫోలియోలో ఇంకొక్క గడి నింపాల్సింది మిగిలింది. ఈ సెమిస్టర్‌లో మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారో మీ మాటల్లో రాయండి అని. డబ్బింగ్ లేదు, యాంబియెన్స్ లేదు, అమ్మ చెప్పినట్టు ఉన్నదున్నట్టే రాశాను.

ఫ్రెంచ్‌లో కుక్కర్‌ని ఏమంటారో నేర్చుకున్నాను.